మేనకోడలి మీద మామయ్య ఫిర్యాదు

ఫ్రిజ్జుల మామయ్య గ్యాసు నింపడంలోనే కాదు, గ్యాసు కొట్టడంలోనూ అందె వేసిన చెయ్యి. ఆయన రిపేరు షాపుకి ఆగిపోయిన ఫ్రిజ్జుతో వచ్చినవాళ్లు ఆగని నవ్వుతో వెళ్లేవారు. అలాంటి మనిషి ఆ మంగళవారం పొద్దున్నే చల్లబడిపోయాడు. కారణం, మేనకోడలు బల్లమీద పెట్టిన ఒక కాగితం.

ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి, రెండేళ్లుగా ఆయన దగ్గర రాగి గొట్టాలు అతుకుతున్న పిల్ల ఆమె.

"పీహెచ్‌డీకి దరఖాస్తులు పిలుస్తున్నారు మామయ్యా. నాలుగేళ్లూ ఉపకారవేతనం ఇస్తారట. ఉన్నది మాత్రం ఒక్కటే సీటు."

"దేనిమీద పరిశోధన?"

"కణాల మీద. వాటిని పట్టే యంత్రాలు మన చేతుల్తో మనమే కట్టాలి."

"కంటికి కనపడని కణానికి నాలుగేళ్లా? కణతలు పగిలిపోతాయే!" అన్నాడు గాని, తన జోకుకి తనకే నవ్వు రాలేదు. "అయితే ఉపకారం వాళ్లది, వేతనం నీది, అపకారం నాదన్నమాట."

"వినవయ్యా బాబూ! రెండు ఉత్తరాలు కావాలి. ఒకటి మా మాస్టారు రాశారు. రెండోది నా చేతిపని చూసినవాళ్లు రాయాలి. అంటే నువ్వే. నాకు చూపించకుండా నేరుగా వాళ్లకే పంపాలి."

మధ్యాహ్నం షట్టరు సగం దించుకుని మామయ్య తెల్లకాగితం ముందు కూర్చున్నాడు. కళ్లజోడు నంబరు ఏటేటా పెరుగుతోంది. వంగితే మోకాళ్లు పలుకుతున్నాయి. ఈ పిల్ల వెళ్లిపోతే ఫ్రిజ్జుల వెనక దూరేదెవరు? మెచ్చుకుంటే సీటొచ్చి వెళ్లిపోతుంది. అలాగని అబద్ధం రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆలోచించి ఆలోచించి, కడుపులో ఉన్న నిజమైన కోపాలన్నీ కాగితం మీద కక్కేశాడు.

'గౌరవనీయులైన వారికి, ఈ పిల్లతో నేను పడలేకపోతున్నాను. గొట్టం అతికితే సరిపోదట. ప్రతి అతుక్కీ సబ్బునీళ్లు పూసి, బుడగ వస్తుందేమోనని తపస్సు చేస్తుంది. నైట్రోజన్ నింపి ఉంచి, మర్నాడు గేజీలో ముల్లు చూసుకుంటే గాని మిషను గడప దాటనివ్వదు. పోనీ ముల్లు పడితే లీకని ఒప్పుకుంటుందా? గది చల్లబడినా ఒత్తిడి తగ్గుతుందని లెక్కలు వేస్తుంది. అందుకోసం నాచేత గోడకి థర్మామీటరు పెట్టించింది. మా షాపులో జ్వరం గోడకి చూస్తున్నాం! అన్నీ ఒక పుస్తకంలో ఎక్కిస్తుంది. నేను "ఏం పర్లేదు" అన్న రోజులు కూడా తారీకులతో సహా ఎక్కించింది. కస్టమర్లు ఆగలేక ఎదురు షాపుకి పోతున్నారు. ఆపైన తమ ఇష్టం.'

పోస్టు చేసొచ్చి వరసగా మూడు జోకులు వేశాడు.

నాలుగో రోజున ఫోను మోగింది. ఆడగొంతు. తాను ఆ ల్యాబు ప్రొఫెసరునని చెప్పింది.

"మీ ఉత్తరం మావాళ్లందరికీ చదివి వినిపించానండీ. అందులో ఉన్నవన్నీ నిజమేనా?"

"అక్షరమక్షరం నిజం మేడం."

"థర్మామీటరు కూడానా?"

"ఎదురుగా గోడకే వేలాడుతోంది, నన్ను వెక్కిరిస్తూ."

"మేం కట్టేవి గ్యాసు పెట్టెలండీ. కణం అందులోంచి దూసుకుపోతే జాడ మిగులుతుంది. ఒక్క అతుకు కారిందంటే ఆ జాడ చెడిపోతుంది. లీకు వెతికే ఓపిక నేర్పడానికే మాకు ఏడాది పడుతుంది. ఇంకొక్క మాట చెప్పండి. ఆ అమ్మాయి తన తప్పు తాను దాచుకుంటుందా?"

మామయ్య ఫోను రెండో చెవికి మార్చాడు. 'దాస్తుంది' అంటే చాలు. మూడే అక్షరాలు. పిల్ల ఎక్కడికీ పోదు. ఎదురుగా ఆమె నేలమీద వెల్లకిలా పడుకుని, పళ్ల మధ్య టార్చి కరుచుకుని, ఎవరిదో ఫ్రిజ్జు అడుగున వెతుకుతోంది. ముక్కుమీద సబ్బు నురగ.

"దాచడమా?" మామయ్య గొంతు పెరిగింది. "ఆ విద్యే తెలిస్తే నాకిన్ని తలవంపులు ఎందుకండీ! పోయినేడు కంప్రెసరు కాలిపోయింది. కరెంటు మీదికి నెట్టేద్దామని నేను నోరు తెరిచేలోగా 'నేనే కాల్చానండీ' అని కస్టమరు మొహానే చెప్పేసింది."

అటువైపు నవ్వు వినిపించింది. మామయ్య నవ్వలేదు.

"మేడం, ఆ ఉత్తరం పిల్లని ఆపుదామని రాశాను. అది కూడా రాసుకోండి."

"తెలుస్తూనే ఉంది లెండి. ఊరికే మెచ్చుకునేవాళ్లు ఇంత దగ్గరగా చూడరు."

వారం తిరక్కుండా సీటు వచ్చినట్టు కబురందింది. మేనకోడలు ఎగిరి గంతేసింది. "ఏం రాశావు మామయ్యా?"

"ఉన్నదున్నట్టు తిట్టాను."

ఆమె వెళ్లిన మర్నాడు మామయ్య ఒక్కడే ఒక అతుకు పెట్టాడు. కస్టమరు తొందరపడుతున్నాడు. "ఏం పర్లేదు, తీసుకె..." అంటూనే ఆగి, మూలనున్న సబ్బునీళ్ల గిన్నెలో కుంచె ముంచి అతుక్కి పూశాడు. కళ్లజోడు సవరించుకుని, పలుకుతున్న మోకాళ్ల మీదే వంగి కూర్చున్నాడు. చాలాసేపటికి ఆవగింజంత బుడగ లేచింది.

"రేపు రండి."

"మేనకోడలు వెళ్లిపోయిందిగా, ఇంకా ఈ గోలేంటి?"

"పిల్ల వెళ్లింది గాని పీడ వెళ్లలేదండీ," అంటూ మామయ్య గోడకున్న థర్మామీటరు వంక చూసి, పుస్తకంలో ఆమె రాసిన ఆఖరి వరస కింద తారీకు వేశాడు.