తలుపుకు అడ్డంగా పైపు

"బతికే ఉన్నానే, కంగారుపడకు," అన్నాడు మా ఆయన ఫోనులో.

కంగారుపడకు అని ఎవరైనా అన్నారంటే కంగారుపడాల్సిందేదో జరిగిందన్నమాటే. ఆయన మాట వెనకాల నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

కొండ దిగుతుంటే జీపు దొర్లి వాగులో పడిందట. పల్టీలు కొట్టి, పక్కకు ఒరిగి, రాళ్ల మధ్య ఇరుక్కుందట. తనకు గీత కూడా పడలేదట. జీపుకు బిగించిన ఇనుప పంజరం కాపాడిందట. "బయటి పంజరమే మేలని నేనన్నానా లేదా? మీ అన్నతో చెప్పు!" చావు నోట్లో తల పెట్టి కూడా పందెం గెలిచిన సంబరం! ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్నాను నేను.

"సరే, గెలిచారు. ఇక దిగి రండి," అన్నాను.

"అదేనే... రావడానికి లేదు," అన్నాడు. "నీళ్లు పెరుగుతున్నాయి. బావను తీసుకుని రా."

బావంటే మా అన్న. మా ఇంటి ముందు భాగంలోనే అతని వెల్డింగ్ షెడ్డు. మా ఆయనది జీపు. రోడ్డు లేని కొండ మీద టవర్లు నిలబెట్టే పనివాళ్లకు సామాను చేరవేయడం ఆయన పని. జీపుకు ఇనుప పైపుల పంజరం బిగించాలనుకున్న రోజు నుంచి ఈ ఇద్దరికీ ఒకటే తగువు. లోపల పెట్టాలా, బయట పెట్టాలా? లోపల పెడితే గతుకులో ఎగిరినప్పుడల్లా తల పైపుకు కొట్టుకుంటుంది, సామాను పెట్టే చోటు పోతుంది, పల్టీ కొడితే రేకంతా అప్పడమైపోతుంది అని మా ఆయన. బయట పెడితే బరువు నెత్తికెక్కుతుంది, వాలులో బండి ఒరుగుతుంది, ప్రతి కొమ్మకూ ప్రతి రాయికీ తగులుకుంటుంది, బండి అడుగు చట్రం, ఆ ఛాసిస్ దాకా కాళ్లు దించి కట్టకపోతే అది బండికి నగే తప్ప కాపలా కాదు అని మా అన్న. అన్నం దగ్గర మొదలుపెడితే చేతులెండిపోయేదాకా ఇదే. "మీ ఇద్దరికీ కలిపి ఒక పంజరం చేయించి అందులో పడేస్తాను," అనేదాన్ని.

బండి ఎవరిదో మాట వాళ్లదే గెలిచింది. అన్న బయటే బిగించాడు, ఛాసిస్ దాకా కాళ్లు దించి. అక్కడితో ఆగినా బాగుండేది. ఒకరోజు కొమ్మ ఒకటి కిటికీలోంచి దూసుకొచ్చి మా ఆయన చెవి చీల్చింది. దాంతో డ్రైవర్ తలుపుకు అడ్డంగా ఏటవాలు పైపు కావాలన్నాడు. అన్న దాన్ని పిన్నులతో పెట్టాడు, లాగితే ఊడొచ్చేలా. ఆ పిన్నులు గతుకుల్లో టకటకలాడేవి. కొండదారి డ్రైవర్లు బండిని చెవితో నడుపుతారు. స్ప్రింగు మూలిగినా, బేరింగు అరిగినా వాళ్లకు చప్పుడే చెప్పాలి. ఆ టకటక మా ఆయనకు చెవిలో జోరీగైపోయింది.

"వెల్డ్ చేసెయ్ బావా."

"తలుపు తెరుచుకోదు బావా."

"పక్క తలుపుంది కదా!"

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పోరు పడలేక అన్న వెల్డ్ చేసేశాడు. ఆ రోజు నుంచి మా ఆయన సొంత బండిలోకి దొంగలా పక్క తలుపులోంచి దూరి, గేరు రాడ్డు దాటుకుని తన సీట్లోకి జారేవాడు. మేమంతా నవ్వుకునేవాళ్లం.

ఇప్పుడా పక్క తలుపు రాళ్ల కిందికి పోయింది.

అన్న మోటార్ సైకిల్ తీశాడు. నేను వెనక కూర్చుని, ఒళ్లో జాకీ, బ్యాటరీ గ్రైండర్, ఇనుము కోసే హాక్సా రంపం పెట్టుకున్నాను. దారిలోనే క్రేన్ వాడికి ఫోన్ చేశాను. వస్తానన్నాడు కానీ వాగు దగ్గరికి క్రేన్ దిగదని, చుట్టూ తిరిగి రావాలని అన్నాడు. "ఎప్పటికొస్తావయ్యా?" అంటే, "వస్తామమ్మా, వస్తున్నాం," అన్నాడు. ఆ గొంతులోనే నాకు అర్థమైంది, వీణ్ణి నమ్ముకుంటే నట్టేట మునిగినట్టేనని.

వాగు ఎర్రగా పారుతోంది. పైన ఎక్కడో వాన దంచుతున్నట్టుంది. జీపు పక్కకు పడి, టాపు వైపు ఒరిగి, ఒడ్డునున్న బండరాయికి ఆనుకుని ఉంది. చుట్టూ పాత ఇనుప కమ్మీలు చెల్లాచెదురుగా పడున్నాయి. అన్న వాటిని చూసి పళ్లు నూరాడు.

"పైన ఇనుము ఎక్కించాడు చూడు. నెత్తిన బరువు పెట్టకురా నాయనా అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను!"

కానీ టాపు నలగలేదు. ఆ మాట నిజం. పంజరం లేకపోతే ఆ పల్టీలకు లోపలి మనిషి పచ్చడైపోయేవాడు. పైకి తిరిగిన డ్రైవర్ కిటికీలో మా ఆయన ముఖం కనిపించింది. ఆ ముఖానికి అడ్డంగా పైపు. వంగి, తలుపుకు అతుక్కుపోయింది. పైపుకూ కిటికీ అంచుకూ మధ్య చెయ్యి పడుతుంది, తల పట్టదు.

"వచ్చావా," అన్నాడు నవ్వబోతూ. నీళ్లు అప్పటికే నడుం దాటాయి.

అన్న గ్రైండర్ పట్టుకుని ఎక్కబోయి ఆగిపోయాడు. గుప్పుమని పెట్రోలు వాసన. ట్యాంకు కారుతోంది. ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. గ్రైండర్‌ను తీసుకెళ్లి దూరంగా గట్టు మీద పెట్టి వచ్చాడు. వెనక తలుపు చూశాడు. పంజరానికి తగిలించిన స్పేర్ టైరు చట్రం వంగి దాన్ని బిగదీసేసింది. ముందు అద్దం రాతికి ఒత్తుకుని ఉంది. మళ్లీ అడ్డపైపు దగ్గరికొచ్చి, దాని మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు.

"ఏంటన్నయ్యా, మాట్లాడు!"

"బండి బరువంతా రాతి మీద ఆనింది. ఆ బరువు ఇప్పుడు ఈ పైపే మోస్తోంది. దీన్ని కోస్తే ముందు చట్రం కిందికి దిగిపోతుంది. కిటికీ మూసుకుపోతుంది."

"కొయ్యకపోతే?"

నీళ్ల వైపు చూశాడు, అంతే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నాకు ఒళ్లు తెలియలేదు. అసలే నా నోరు మంచిది కాదు.

"కాపాడే పంజరమని కట్టి నా మొగుణ్ణి అందులో పెట్టి చంపుతున్నావు! వాడేదో వాగితే నీ బుద్ధి ఏమైంది? నువ్వూ ఒక పనివాడివేనా!"

అన్న తల వంచుకున్నాడు. లోపల్నించి మా ఆయన అరిచాడు: "మా బావనేమీ అనకే! పట్టుబట్టింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టు, నాకు ఇక్కడ వేరే పనేం లేదు."

అన్న జాకీ తీసుకుని బండరాయి పక్కకు దిగాడు. బండి కిందికి దిగకుండా ఆపాలని రాతికీ పంజరం పైపుకూ మధ్య దాన్ని నిలబెట్టి తిప్పాడు. జారింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. కింద నున్నటి రాయి, పైన గుండ్రటి పైపు. జాకీ నిలవదు.

"నేను పట్టుకుంటాను. నువ్వెక్కి కొయ్," అన్నాడు.

"నేనా? నాకేం వచ్చు!"

"కూరగాయలు తరగట్లేదూ? కొయ్యమ్మా. వెల్డ్ మీద కాదు, దానికి జానెడు ఇవతల. వెల్డ్ తెగదు."

ఆ మాట గర్వంగా అనలేదు. ఏడుపు గొంతుతో అన్నాడు.

హాక్సా తీసుకుని ఎక్కి కూర్చుని కోయడం మొదలుపెట్టాను. బ్లేడు జారి నా వేలు తెగింది. మళ్లీ పెట్టాను. గీత పడింది, గాడి అయింది. నీళ్లు ఆయన ఛాతీ దాకా వచ్చాయి. మొదట్లో ఆయన నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. నిదానంగా లాగు, బ్లేడు మీద బరువు వెయ్యకు, అబ్బో, నీకు షెడ్డులో ఉద్యోగం ఇప్పించొచ్చు. తర్వాత మాటలు తగ్గాయి. భుజాలు మునిగాక వణుకు మొదలైంది.

"పిల్ల బడి వదిలే టైమైందే," అన్నాడు ఉన్నట్టుండి. "ఎవరు తీసుకొస్తారు?"

"మీరే తెద్దురుగాని, నోర్మూసుకోండి," అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. కళ్లు తుడుచుకునే తీరిక కూడా లేదు. నేను ఏ దేవుణ్ణి తలుచుకున్నానో, ఎవర్ని తిట్టానో నాకు గుర్తులేదు. చెయ్యి మాత్రం ఆగలేదు.

బ్లేడు విరిగింది. ఇంకొకటి ఎక్కించడానికి నా వేళ్లు సహకరించలేదు. ఆయనే సందులోంచి చేతులు చాచి, వణుకుతూనే, బ్లేడు ఎక్కించి మర బిగించి ఇచ్చాడు. నీళ్లు గడ్డం తాకుతున్నాయి. తల పైకెత్తి, పైపుకు ముక్కు ఆనించి గాలి పీలుస్తున్నాడు.

"కొంచెమే ఉందన్నయ్యా!"

"తెగగానే పైపును పైకి వంచేసి బావను లాగు! నా వైపు చూడకు! లాగడమే!"

పైపు తుపాకీ పేలినట్టు తెగింది. జీపు మొత్తం మూలిగి కిందికి దిగింది. కిటికీ మూసుకుపోయిందనుకున్నాను. లేదు, సగం దిగి ఆగింది. తెగిన పైపును కాలితో తన్ని పైకి వంచి, ఆయన చంకల కింద చేతులు వేసి లాగాను. భుజాలు వచ్చాయి. నడుం దగ్గర ఇరుక్కున్నాడు. బెల్టు తగులుకుంది. నీళ్లు నోట్లోకి పోతున్నాయి. "ఊపిరి వదలండి! పొట్ట లోపలికి లాక్కోండి!" అని అరుస్తూ, రాతికి కాళ్లు తన్నిపెట్టి లాగాను. వస్తున్నాడు, రావట్లేదు, మళ్లీ వస్తున్నాడు. నా చేతులు ఊడిపోతాయనుకున్నాను. బెల్టు తెగి ఒక్కసారిగా బయటికొచ్చాడు. ఇద్దరం గట్టు మీద పడ్డాం.

ఆయన దగ్గి దగ్గి నీళ్లు కక్కుతుంటే, వీపు మీద గుద్దుతూ బిగ్గరగా ఏడ్చాను. అది సాయమో కోపమో నాకే తెలియదు.

"అన్నయ్యా, వచ్చేశాడు! అన్నయ్యా!"

తిరిగి చూశాను. అన్న బండరాయి పక్కన అలాగే నిలబడి ఉన్నాడు, నుదురు పైపుకు ఆనించి. ముఖం తెల్లగా పాలిపోయింది.

"వచ్చెయ్యన్నయ్యా, ఇంకా అక్కడేం పని!"

"రాలేనమ్మా," అన్నాడు మెల్లగా.

పైపు తెగగానే జాకీ పక్కకు ఒరిగింది. దాన్ని పట్టుకున్న కుడిచెయ్యి పైపుకూ రాతికీ మధ్య ఉంది. మణికట్టు వరకు కనిపించడం లేదు. వెల్డింగ్ చేసే చెయ్యి అది.

మా ఆయన పడుతూ లేస్తూ వెళ్లి, ఒరిగిన జాకీని నిలబెట్టి పట్టుకుని తిప్పాడు. తిప్పుతున్నంతసేపూ "బావా, బావా" అంటూనే ఉన్నాడు. పైపు లేచింది. బయటికొచ్చినదాన్ని చెయ్యి అనడానికి నాకు నోరు రావడం లేదు. మా ఆయన చొక్కా విప్పి చుట్టాం. గట్టు మీద అన్న తల నా ఒళ్లో పెట్టుకున్నాను. దూరంగా క్రేన్ చప్పుడు వినిపిస్తోంది.

నేను లాగినంతసేపూ, ఆయన నడుం ఇరుక్కున్నంతసేపూ, అన్న చెయ్యి అక్కడ నలుగుతూనే ఉంది.

"ఒక్క కేకైనా పెట్టలేదేం అన్నయ్యా?"

అన్న కళ్లు తెరవలేదు. "కేక పెడితే నువ్వు బావను వదిలేసి నా దగ్గరికొచ్చేదానివి."

వచ్చేదాన్నే. పక్కనే కూర్చున్న మా ఆయన ముఖం వైపు నేను చూడలేకపోయాను.