టేకేదారు లేని సీడీ

శుక్రవారం నాడు ఎస్తేరమ్మ ఇంటర్నెట్ షాపులో కంప్యూటర్ ముందు కూర్చొని, తలకు తగిలించుకున్న మైకులో తన బిడ్డ జ్వరం సంగతి మొగుడికి చెబుతోంది. మాట సగంలో ఉండగానే గంగాకిషన్ వెనక నుంచి వచ్చి వైరు పీకేశాడు. కువైట్‌లో ఉన్న ఆ మనిషికి బిడ్డకు జ్వరం వచ్చిందని తెలిసింది, తగ్గిందని తెలియలేదు.

"లే, నీ టైం అయిపోయింది" అన్నాడు గంగాకిషన్.

టైం కాలేదు. ఆ సంగతి షాపు బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ఆడవాళ్లందరికీ తెలుసు. అసలు తగువు ముందురోజుది. బీడీలు అప్పజెప్పేటప్పుడు గంగాకిషన్ ఎప్పటిలాగే దోసిళ్లకొద్దీ ఛాట్ తీశాడు. ఛాట్ అంటే పనికిరావని ఏరి పక్కన పోసే బీడీలు, వాటికి కూలి ఉండదు. ఆ పనికిరానివే సాయంత్రానికి మళ్లీ కట్టల్లోకి ఎలా చేరతాయో ఆ దేవుడికే ఎరుక. ఎస్తేరమ్మ అందులోంచి ఒక బీడీ తీసి, ఇది మంచిగానే ఉంది కదా, ఎందుకు తీశావని అడిగింది. అడిగిన పాపానికి మర్నాడు, గల్ఫ్‌లో సెలవైన శుక్రవారం, ఆమె వంతు వచ్చేదాకా ఆగి శిక్ష వేశాడు.

ఆర్మూర్‌లో ఆ వాడకంతా ఆకూ తంబాకూ ఇచ్చి బీడీలు చుట్టించుకునే టేకేదారు గంగాకిషనే. బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ షాపూ అతనిదే. ఆడవాళ్ల చేతుల్లో పనీ, చెవుల్లో గల్ఫ్ నుంచి వచ్చే మాటా రెండూ ఒక్కడి గుప్పిట్లోనే ఉన్నాయి. దొర గడీలో లేకపోతే దొరతనం పోయిందనుకునే అమాయకులు ఒకసారి ఆ షాపు బెంచీ మీద కూర్చొని చూడాలి.

ఎస్తేరమ్మ కళ్లు తుడుచుకుంటూ లేచాక గంగమణి వంతు వచ్చింది. గంగమణికి యాభై దాటాయి. పిల్లలు లేరు. మొగుడు సాయన్న బహ్రెయిన్ పోయి ఏళ్లు గడిచాయి. వారమంతా చేట ఒళ్లో పెట్టుకొని ఆకు కత్తిరిస్తూ అతనికి చెప్పవలసినవి మనసులో పేర్చుకుంటుంది. ఇల్లు కురుస్తోంది. మోకాళ్లు పట్టుకుపోతున్నాయి. ఒక్కదాని కోసం పొయ్యి అంటించబుద్ధి కాక నిన్నటి జొన్న గట్కే తాగి పడుకుంటోంది. తీరా కూర్చున్నాక గంగాకిషన్ ఊపిరి మెడ మీద తగిలేది. చెప్పాలనుకున్నవన్నీ గొంతులోనే ఉండిపోయేవి.

"మంచిగున్నవా?" అంది ఆ రోజు కూడా.

"మంచిగనే ఉన్న. నువ్వు?"

"మంచిగున్న. తిన్నవా?"

"తిన్న."

అంతే. ఆ నాలుగు మాటలు మూటగట్టుకొని గంగమణి ఇంటికి వచ్చింది. మార్కెట్ యార్డుకు పోయే పసుపు బస్తాల లారీల చప్పుడు తప్ప ఆమెను పలకరించినది లేదు.

ఎస్తేరమ్మ మాత్రం ఊరుకోలేదు. ఆ సాయంత్రమే బీడీ కార్మికుల సంఘం గదికి పోయి కూర్చుంది. సంఘం పని చూసే సుకుమార్ నిజామాబాద్‌లో చదువు సగంలో వదిలేసి వచ్చిన కుర్రాడు. మనకే ఒక కంప్యూటర్ ఉంటే వాని గడప ఎందుకు తొక్కాలని అడిగిందామె. మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పారేయబోతున్న పాత కంప్యూటర్‌ను అడిగి తెచ్చాడు సుకుమార్. దాంతోపాటు ఒక సీడీ తెచ్చాడు. సంఘం వాళ్ల రేకుల గదిలో మీటింగు పెట్టారు. ఆడవాళ్లు చేటలతో సహా వచ్చి కూర్చున్నారు, ఎందుకంటే మీటింగైనా చావైనా చేతులు ఆగితే పూట గడవదు.

సుకుమార్ విప్పి చెప్పాడు. అందరూ వాడే విండోస్ కొనడం మన తరం కాదు, షాపుల్లో వేసిచ్చేది దొంగ కాపీ, గంగాకిషన్ ఒక్క ఫిర్యాదు పెడితే పోలీసులు ఎత్తుకుపోతారు. ఇది లినక్స్. ఎవరైనా వాడుకోవచ్చు, కాపీ చేసి పక్కవాళ్లకు ఇవ్వచ్చు, ఏ కంప్యూటర్‌లో పెట్టినా లేస్తుంది.

అందరికంటే పెద్దది లక్ష్మీనర్సమ్మ. ఆమెకు నచ్చలేదు. ఉత్తగ ఇచ్చేటోడు ఊరికే ఇస్తడా, గంగాకిషన్ కూడా మొదట్లో కత్తెర ఉత్తగనే ఇచ్చిండు అంది. నిజమే అన్నట్టు చాలా తలలు ఊగాయి.

"గది సరే గని బిడ్డా, దీనికి టేకేదారు ఎవలు?" అని అడిగింది ఎస్తేరమ్మ.

"లేడమ్మా."

"టేకేదారు లేకుంట పనెట్ల నడుస్తది?"

"లోకమంత తలా ఇంత రాస్తరు. రాసింది దాచుకోరు, అందరి ముందు పెడ్తరు."

"మరి ఛాట్ ఎవలు తీస్తరు?"

"ఎవలు తియ్యరు. తప్పుంటే చూసినోల్లు చెప్తరు. చేతనైనోల్లు సరిజేస్తరు. పారేసుడు లేదు."

కత్తెరల చప్పుడు ఆగిపోయింది. ఛాట్ తీసేవాడు లేని పని ఒకటి ఈ భూమ్మీద ఉందంటే ఆ ఆడవాళ్లు నమ్మలేకపోయారు. నమ్మాలని మాత్రం అందరికీ అనిపించింది.

నేర్చుకోవడం తేలిగ్గా ఏమీ సాగలేదు. కళ్లజోడు లేనిదే సూదిలో దారం ఎక్కించలేని లక్ష్మీనర్సమ్మకు తెర మీద బాణం గుర్తు కనిపించేది కాదు. కనిపించినా ఆమె చేయి దాన్ని పట్టుకునేలోగా ఎటో పోయేది. ఒకరు తప్పు నొక్కితే అందరూ నవ్వేవాళ్లు, తమ వంతు రాగానే అందరికీ చెమట పట్టేది. వారాలు గడిచేసరికి బీడీ మూతి ముడిచే వేళ్లు మౌసును కూడా దారికి తెచ్చుకున్నాయి. మాట్లాడే ప్రోగ్రాం ఆ సీడీలోనే ఉంది, సంఘం ఫోను లైనుకే సుకుమార్ ఇంటర్నెట్ తగిలించాడు. ఒక శుక్రవారం ఎస్తేరమ్మ మొగుడితో బిడ్డ జ్వరం ఎప్పుడో తగ్గిందని చెప్పింది.

గంగమణి కూడా కూర్చుంది. వెనక ఎవరూ లేరు. తోటి ఆడవాళ్లు కావాలనే బయటికి పోయి తలుపు దగ్గరగా వేశారు.

"మంచిగనే ఉన్న" అన్నాడు సాయన్న.

ఆమె నోట కూడా అదే వచ్చింది. అడ్డుపడేవాడు లేకపోయినా ఇద్దరి మాటా అక్కడే ఆగింది. ఆ మనిషి మనసే ఎండిపోయిందేమో, అక్కడ ఇంకెవరైనా ఉన్నారేమో అనుకుంది. గంగాకిషన్ షాపులో వాడిని తిట్టుకోవడానికి ఉండేది. ఇక్కడ తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేరు. ఇంత కొట్లాట ఈ నాలుగు మాటల కోసమా అని ఆమెకు ఏడుపొచ్చింది.

అయినా ఆ కంప్యూటర్ మీద ఆమెకు ప్రాణం. ఊడ్చి, తుడిచి, తాళం వేసేది ఆమే. ఎండలు ముదిరాయి. రేకుల కింద గది నిప్పుల పొయ్యి అయింది. ఒక మధ్యాహ్నం పెట్టె మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. ఎండకు తునికాకు పెళుసెక్కకుండా గోనెపట్టా తడిపి కప్పడం బీడీలు చుట్టేవాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు. గంగమణి గోనెపట్టా బాగా తడిపి, చంటిబిడ్డకు కప్పినట్టు కంప్యూటర్‌కు కప్పింది. కాసేపటికి లోపల టప్పున ఏదో పేలింది.

గంగమణి ఇల్లు చేరి తలుపు వేసుకుంది. వాడ ఆడవాళ్లందరి నోరు తానే నొక్కేశానని కుమిలిపోయింది. చేట కూడా ముట్టుకోలేదు. మర్నాడు తలుపు తీస్తే వాకిట్లో ఎస్తేరమ్మ, లక్ష్మీనర్సమ్మ, వాళ్ల వెనక మిగతావాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకొని కూర్చుని ఉన్నారు. ఎవరైనా పనిలో వెనకబడితే తలా ఇన్ని బీడీలు చుట్టి ఆమె చేటలో వేయడం వాళ్ల రివాజు. ఎవరూ ఓదార్చలేదు, చుట్టి వేశారు.

"కంప్యూటరుకు గూడ ఆకులెక్క తడిపెడితివా అక్కా" అంది ఎస్తేరమ్మ. అందరూ పగలబడి నవ్వారు. గంగమణి కూడా నవ్వింది, చాలా రోజులకు.

సుకుమార్ పెట్టె విప్పి ఆరబెట్టాడు. అన్నీ దాచుకునే హార్డ్ డిస్క్ పోయింది, మిగతాది బతికింది. ఇక దాంతో పని లేదు, సీడీ పెడితే సీడీ మీదనే నడుస్తుందన్నాడు. సీడీ తీసేస్తే ఉత్త డబ్బా. నిజామాబాద్‌లో కాపీలు తీయించి తలా ఒకటి ఇచ్చాడు. పెరుగు తోడు అడిగిన ఇంటికల్లా ఇచ్చినట్టు వాళ్లు వాటిని ఆలూర్, భీమ్‌గల్ చుట్టాలకు కూడా పంచారు.

షాపు బెంచీ ఖాళీ అయ్యేసరికి గంగాకిషన్ పగబట్టాడు. సంఘం గదికి పోయేవాళ్లకు ఆకు లేదన్నాడు. మర్నాడు ఆకు తెచ్చుకోవడానికి ఎవరూ పోలేదు, అతనికి భయపడేవాళ్లు కూడా పోలేదు. ఆ శుక్రవారమే పోలీసులు వచ్చారు. దొంగ కాపీలు వాడుతున్నారని ఫిర్యాదు.

సుకుమార్ ఊళ్లో లేడు. ఎస్సై కంప్యూటర్ ఆన్ చేయించాడు. సీడీలు ఆడవాళ్ల రొండినే ఉన్నాయి, నల్ల తెర తప్ప ఏమీ రాలేదు. దొంగతనం లోపల ఉంటే కదా దొరకడానికి. అయినా ఎత్తుకురమ్మన్నాడు.

"దీనికి జిమ్మేదారు ఎవరు? పేరు చెప్పండి, కేసు రాసుకోవాలి."

"ఎవలు లేరు సారు" అంది ఎస్తేరమ్మ. "దీనికి టేకేదారు లేడు."

ఆటలాడుతున్నారా అని అతను లాఠీ ఎత్తాడు. అప్పటికే గంగమణి నేల మీద కూలబడి, చేట పెట్టుకున్నట్టు పెట్టెను ఒళ్లో పెట్టుకుంది. ఎంత గుంజినా వదల్లేదు. చివరికి పెట్టెతో పాటు ఆమెను కూడా జీపులో వేసుకుపోయారు. ఆడవాళ్లు జీపు వెనకే నడిచారు.

స్టేషన్‌లో ఆమెను కటకటాల గదిలో కూర్చోబెట్టారు. అది సాయన్న లైన్‌లోకి వచ్చే వేళ. గంట మోగినా ఎత్తేవాళ్లు ఉండరు. ఎత్తి మాత్రం ఏం లాభం, మంచిగనే ఉన్న అంటాడు. లోకంలో తనంత ఒంటరిది లేదనిపించి గంగమణి గోడకు ఆనుకుంది.

పొద్దు వాలుతుండగా కిటికీ చువ్వల అవతల ఎస్తేరమ్మ ముఖం కనిపించింది. చర్చి ఆఫీసులోని కంప్యూటర్‌లో తన సీడీ పెట్టి సాయన్నతో మాట్లాడి వచ్చానంది.

"నిన్ను పోలీసోల్లు పట్టుకపోయిండ్రని చెప్పిన. గప్పుడు మాట్లాడిండక్కా బావ."

"ఏమన్నడు?"

"ఆడ గూడ నెట్ షాపు క్యాంపు మేస్త్రీదేనంట. ఎనక నిలబడి వింటడంట. అందరి పాస్‌పోర్టులు వాని తాననే ఉన్నయంట. గిన్నేండ్లు గందుకే ఏం చెప్పలేదంట."

గంగమణి చువ్వలు పట్టుకుంది. "మరి ఇయ్యాల ఎట్ల చెప్పిండే?"

"నేను గదే అడిగిన. మేస్త్రీ ఇప్పుడు గూడ ఎనకనే ఉన్నడు, విననియ్యి అన్నడు. క్యాంపుల మనోల్లందరు దగ్గరికొచ్చిండ్రంట. మాక్కూడ గా సీడీ పంపుండ్రి అన్నరు."

గంగమణి ముఖం కొంగులో దాచుకొని ఏడ్చింది. ఆ మనిషి మనసు ఎండిపోలేదు. ఇన్నేళ్లూ ఇద్దరి మెడ మీదా ఒకడే ఊపిరి వదులుతున్నాడు, పేరు మాత్రం వేరు. ఏడుపు అయ్యాక రొండిన దోపుకున్న సీడీ తీసి చువ్వల సందులోంచి అందించింది.

"ఇగో, నాది పంపు. ఆయనకు నా మాట గూడ చెప్పు. ఇల్లు కురుస్తుందని చెప్పు. మోకాళ్లు లేస్తలేవని చెప్పు. నేను మంచిగ లేనని చెప్పు. నువ్వు మంచిగ లేవని నాకు ఎరుకైందని చెప్పు."

అవతల గదిలోంచి ఎస్సై ఎవరక్కడ మాట్లాడేది అని అరిచాడు. గంగమణి గొంతు తగ్గించలేదు. స్టేషన్ వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లందరికీ వినిపించేలా మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.