చప్పుడు లేని గోల్

మా ఇంట్లో టీవీకి నోరు లేదు. ఒకప్పుడు ఉండేది గానీ, మా అమ్మాయి రాత్రి ఉద్యోగంలో చేరిన రోజే మా ఆయన దాని నోరు నొక్కేశారు.

అమ్మాయిది అంబులెన్సులు పంపే ఆఫీసులో ఫోన్ ఎత్తే పని. ఎవరెవరో ఏడుస్తూ, అరుస్తూ చెప్పేది విని, "ఎక్కడ? ఎవరికి ఏమైంది?" అని నిదానంగా అడిగి బండి పంపిస్తుంది. తెల్లారాక ఇంటికొచ్చి, బిడ్డను కాసేపు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, లోపలి గదిలో పడుకుంటుంది. అల్లుడు లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. అందుకని పగలంతా పిల్ల మా ఇద్దరి పూచీ.

ఇల్లు చూస్తే అగ్గిపెట్టె. నేను బట్టలు కుట్టే ముందుగదికీ, అమ్మాయి పడుకునే గదికీ మధ్య ఒక్క పల్చటి తలుపు. దాని నిద్ర చెడకూడదని మా ఆయన చట్టాలు పెట్టారు. కుట్టు మిషన్ కింద దుప్పటి మడత వేశారు. తలుపు బందులకు నూనె పోశారు. గిన్నెలు కడిగితే గుడ్డ మీదే బోర్లించాలి, మాట్లాడితే గుసగుసగానే మాట్లాడాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సు నడిపి, ఊరి చెవులు చిల్లులు పడేలా హారన్ మోగించిన మనిషి, ఇంట్లో పిల్లిలా నడవడం మొదలెట్టారు. నాకు ఒళ్ళు మండేది గానీ, కూతురి నిద్ర కోసమే కదా అని ఊరుకున్నాను.

మనవరాలికి మేం పెట్టుకున్న ముద్దుపేరు పిడుగు. పుట్టగానే ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది మరి! ఇప్పుడు రెండేళ్ళు నిండాయి. ఏడుపు మొదలవగానే తాత ఎత్తుకుని వీధి చివరికి పరుగు తీసేవారు. పోనుపోను అదీ తగ్గి, వెక్కిళ్ళతో సరిపెట్టుకునేది. మాటంటారా, ఒక్కటీ లేదు. అమ్మ అనదు, తాత అనదు.

ఆటలకు మాత్రం లోటు లేదు. తాత, మనవరాలు టీవీ ముందు చేరితే ఇక ప్రపంచం అక్కర్లేదు. బరువులెత్తే పోటీ వస్తే, నా బట్టలు కొలిచే బద్దకు రెండు వైపులా దారం ఉండలు గుచ్చి ఇవ్వాలి. అది మోకాళ్ళు వంచి, బుగ్గలు పూరించి, మొహం ఎర్రగా చేసుకుని నెత్తి మీదికి ఎత్తేది. ఫుట్‌బాల్ వస్తే నేను గుడ్డముక్కలతో కుట్టిన బంతిని తన్నేది. ఎవరూ తాకకుండానే కింద పడి, మోకాలు పట్టుకుని దొర్లేది. ఆ వేషం ఎవరి దగ్గర నేర్చిందో చూసేవాళ్ళకు తెలుసు. బంతి నా కత్తిరింపు బల్ల కిందికి పోతే గోల్. చేతులు రెండూ పైకెత్తి, కొండనాలుక కనపడేలా నోరు తెరిచేది. చప్పుడు మాత్రం ఉండేది కాదు. ఆ తెరిచిన నోరు చూస్తే నాకు నవ్వూ వచ్చేది, దిగులూ వేసేది.

డాక్టరుకి చూపించాం. చెవులు బాగున్నాయి, గొంతూ బాగుంది అన్నాడు. "ఇంట్లో పాపతో బాగా మాట్లాడతారా?" అని అడిగాడు. "ఎందుకు మాట్లాడం సార్, పగలంతా మాట్లాడుతూనే ఉంటాం" అన్నారు మా ఆయన. అబద్ధమేం కాదు. ఎలా మాట్లాడతామో డాక్టరు అడగలేదు, మాకూ చెప్పాలని తోచలేదు.

ఆ రోజు తిరిగి వస్తుంటే అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, రాత్రంతా ఊళ్ళోవాళ్ళ గొంతులన్నీ వింటాను. నా బిడ్డ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు."

"వస్తాయే మాటలు. తొందరేముంది?"

"నేను పక్కన లేకే ఇలా అయింది. నెలాఖరుకి ఉద్యోగం మానేస్తాను."

ఎంత ఇష్టపడి చేరిందో ఆ ఉద్యోగంలో! దాని గొంతు విని బతికినవాళ్ళు మిఠాయి పొట్లాలతో ఆ ఆఫీసుకి వచ్చిన రోజులున్నాయి. "మానేస్తే మాటలొస్తాయని ఏ డాక్టరు చెప్పాడే?" అని కసిరాను. కసిరానే గానీ, నాకూ భయం పట్టుకుంది. పిల్లకు నిజంగానే మాట రాకపోతే ఏం చేస్తాం?

నెలాఖరు దగ్గరపడుతుండగా ఒక పొద్దున మా ఆయన క్రాఫుకి బయల్దేరారు. నాకూ దారాలు కావాలి. పిల్లను చంకనేసుకుని వెంట వెళ్ళాను. సెలూన్ నడిపే ఆయనను మేం కత్తెరాయన అంటాం. ఆయన కత్తెర ఎంత ఆడుతుందో నోరూ అంతే ఆడుతుంది. అక్కడి టీవీలో ఫుట్‌బాల్ వస్తోంది, వీధంతా వినపడేంత మోతగా. పిడుగు ఉలిక్కిపడి నా మెడ కరుచుకుంది. అంతలో ఎవడో గోల్ కొట్టాడు. టీవీలో జనం హోరెత్తారు. కత్తెరాయన, కుర్చీల్లో సబ్బు నురగతో కూర్చున్నవాళ్ళు, అందరూ ఒక్కసారి "గోల్!" అని అరిచారు.

పిల్ల నా చంక దిగింది. టీవీ వంక చూసింది, దాని వెనక్కి వెళ్ళి చూసింది. తర్వాత కత్తెరాయన ప్యాంటు పట్టి లాగింది. ఆయన వంగితే, అరచెయ్యి ఆయన నోటి మీద ఆనించి నిలబడింది.

"ఏంటమ్మా, నా మీసం కొలతలు తీస్తున్నావా?" అన్నాడాయన. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

దారిలో మా ఆయనను నిలదీశాను. "ఏమండీ, పిల్లకు గొంతు లేక కాదు. అరవడమంటే నోరు తెరవడమే అనుకుంటోంది. మన టీవీలో అందరూ అంతేగా చేసేది! మనం మాత్రం? గాలి ఊదినట్టు మాట్లాడుకుంటున్నాం."

"ఊరుకో, తాతకు దగ్గులు నేర్పకు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారు."

"నేర్చుకుంది కదా! మనం నేర్పిందే నేర్చుకుంది."

తప్పు తనమీదికి వస్తే ఆయనకు నడక వేగం పెరుగుతుంది. ఇల్లు చేరేదాకా నాకంటే ముందే నడిచారు.

మధ్యాహ్నం అమ్మాయి నిద్రలో ఉంది. టీవీ మామూలుగానే మూగగా ఆడుతోంది. పిడుగు గుడ్డ బంతిని తన్నింది. బంతి దొర్లి దొర్లి బల్ల కిందికి పోయింది. చేతులు పైకెత్తింది, నోరు తెరిచింది. ఈసారి లోపల్నుంచి "ఆ" అని చిన్న చప్పుడు వచ్చింది.

వచ్చిందో లేదో, పిల్ల బెదిరిపోయింది. గది తలుపు వంక చూసి, తన వేలు తనే పెదాల మీద పెట్టుకుంది. ఎవరూ చెప్పలేదు. మా ఆయన రోజూ ఎలా పెడతారో అచ్చం అలాగే పెట్టింది.

నా చేతిలో సూది ఆగిపోయింది. మా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ వేలు మెల్లగా కిందికి దించారు. చేతులు రెండూ పైకెత్తి, బస్సు హారన్ లాంటి గొంతేసుకుని, "గో...ల్!" అని అరిచారు. అద్దాలు అదిరాయి.

పిడుగు తాత నోట్లోకి తొంగి చూసింది. గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "గో...!" అంది.

అదేం గొంతు తల్లీ! వీధిలో సైకిలు మీద పోయేవాడు ఆగి మా కిటికీ వంక చూశాడు.

తలుపు ధడాలున తెరుచుకుంది. అమ్మాయి జుట్టు విరబోసుకుని, కళ్ళు సగం మూసుకునే, "ఎక్కడ? ఎవరికి ఏమైంది?" అంది.

"ఎవరికీ ఏం కాలేదే. నీ కూతురు గోల్ కొట్టింది" అన్నాను.

పిల్ల తల్లిని చూసి చేతులెత్తింది. "గో...!"

అమ్మాయి ఉన్నపళంగా నేల మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఇంకోసారి" అంది. పిల్ల ఇంకోసారి అరిచింది. "ఇంకోసారి" అంది. పిల్లకు విసుగు లేదు, తల్లికి తనివి తీరలేదు.

చాలాసేపటికి అమ్మాయి లేచింది. "రాత్రి డ్యూటీ ఉంది, కాసేపు పడుకుంటానమ్మా" అంది. అలవాటు కొద్దీ తలుపు దగ్గరికి వేయబోయాను.

"వెయ్యకు. తెరిచే ఉంచు."

మా ఆయన టీవీకి నోరిచ్చారు. పిల్ల గోల్ మీద గోల్ కొడుతూనే ఉంది, అరుస్తూనే ఉంది. అవతల మా అమ్మాయి దిండు మీద చెయ్యేసుకుని, చీకటి పడేదాకా కదలకుండా నిద్రపోయింది.