ఒక కంచం తక్కువ

సముద్రాల అవతలి ఆ మహానగరంలో నేను చూడని వీధి లేదు. ఏ మలుపులో ఏ కొట్టుందో కళ్ళు మూసుకుని చెప్పమన్నా చెప్తాను. ఇక మా మేనకోడలు పనిచేసే హోటలు సంగతి నన్ను అడగండి. ఆ మేడ ఎంత ఎత్తంటే, కింది నుంచి ఎగిరిన కాకి సగంలో ఏదో కిటికీ గట్టు మీద వాలి, ఆయాసం తీర్చుకుని, మిగతా సగం మర్నాడు ఎగురుతుంది. వంటింట్లో సూపు కాచే గిన్నెలో దూడకి ఈత నేర్పొచ్చు. పండుగ రోజులొస్తే వీధి వీధికీ దీపాల తోరణాలు కడతారు. ఆ వెలుగు చూసి సూర్యుడు సిగ్గుపడి, మధ్యాహ్నం దాటగానే ఇంటిముఖం పడతాడు.

ఆ హోటలు భోజనాల హాల్లో బల్లలు సర్దే పని మా మేనకోడలిది. ఇంతేనా అనుకోకండి. ఫోర్కులూ చెంచాలూ వేడినీళ్ళ ఆవిరికి పట్టి, తడి ఆరేలోపు తుడవాలి. లేకపోతే మరకలు కడతాయి. గ్లాసును దీపానికెత్తి చూసి పెట్టాలి. బల్ల మీద పరిచే గుడ్డకి ఇస్త్రీ మడత నడుమ పాపిటలా సాగాలి. అన్నీ అయ్యాక బల్ల చివర వంగి, ఒక కన్ను మూసి చూస్తే, వరుసలో ఉన్న గ్లాసులన్నీ ఒక్క గ్లాసులా కనబడాలి. తనకలాగే కనబడేవి. ఎంతమంది వస్తున్నారో ఒక్కసారి చెబితే చాలు, ఒక చెంచా ఎక్కువుండదు, ఒక కుర్చీ తక్కువుండదు. హాలు మేనేజరు ఒకావిడ ఉంది. చూపు పడితే చీమ కూడా నడక సరిచేసుకుంటుంది. ఆవిడ పేరుకి నోరు తిరగక మా పిల్ల మనసులో ‘గద్ద’ అని పెట్టుకుంది. ఆ గద్ద కూడా మా పిల్ల సర్దిన బల్ల దగ్గర ఆగకుండా వెళ్ళిపోయేది. అంతకు మించిన మెప్పు ఆవిడ దగ్గర ఎవరికీ దొరకలేదు.

మా పిల్లకి మాత్రం ఇది మెచ్చుకోవలసిన పనని తెలీదు. ఇంట్లో పెళ్ళయిన నాటినుంచీ చేస్తున్నదే కదా. అప్పుడు దాన్ని పనని ఎవరూ అనలేదు. వచ్చినవాళ్ళు "మీ ఆవిడ ఏం చేస్తుంటారు?" అంటే, "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అనేవాడు మొగుడు. అలా అంటూనే వంటింటి వైపు తిరిగి "కాఫీ" అనేవాడు. చెడ్డవాడేం కాదు. తిట్టిందీ లేదు, కొట్టిందీ లేదు. ప్రెస్సు నడిపేవాడు, అది మూతపడింది. ఎవరో తెలిసినవాళ్ళు ఈ హోటలు పని చూపిస్తే, "నీకు చేతనైంది అదేగా, కొన్నాళ్ళు వెళ్ళిరా" అని పంపాడు. వెళ్ళింది. ఇల్లు మాత్రం ఫోనులో పడి తన వెంటే వచ్చింది.

పండుగ దగ్గరపడుతున్న కొద్దీ ఫోన్లు ఎక్కువయ్యాయి. బట్టలు మార్చుకునే గదిలో, ఇనప బీరువాల మధ్య నిలబడి మాట్లాడేది.

"పెద్ద గిన్నె ఎక్కడ పెట్టావు?"

"అటక మీదండీ. పాత బకెట్టు వెనక."

"మూత?"

"మూత గిన్నె మీదే ఉంటుంది కదండీ."

"ఏమో, నీ ఇల్లు నీకే తెలియాలి." అక్కడితో ఆగకుండా అసలు మాటకొచ్చాడు. "అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. ఇంక చాలుగాని, ఈ పండుగ సందడి తగ్గగానే వచ్చెయ్."

సరిగ్గా ఆ వారమే గద్ద కూడా ఒక మాట అడిగి ఉంది. బల్లలు సర్దేవాళ్ళకి పెద్దగా ఉన్న పాతాయన మానేస్తున్నాడు, వచ్చే ఏడాది హాలు మొత్తం నువ్వే చూసుకో, నీ కింద మనుషులుంటారు, పనివాళ్ళ విందు రోజుకి ఉంటావో ఉండవో చెప్పెయ్ అని. మొగుడితో ఆ మాట అంటే నవ్వాడు. "కంచాలు పెట్టడానికి ఒక అధికారా? ఉండనని చెప్పేసి టిక్కెట్టు తీసుకో." తను సరేనలేదు, కాదనలేదు. బీరువా తలుపు వేసి, హాల్లోకి వెళ్ళి, ఒక కన్ను మూసి గ్లాసులు చూసుకుంది. ఆ పూట వరుస ఎంతకీ కుదరలేదు.

ఆ హోటల్లో ఒక పద్ధతి ఉంది. పండుగ గడిచిన మర్నాడు మధ్యాహ్నం హాలు మూసేసి, పనివాళ్ళనందరినీ అతిథుల కుర్చీల్లో కూర్చోబెట్టి, మేనేజర్లు వడ్డిస్తారు. ఎప్పట్లాగే బల్ల సర్దే పని మా పిల్లకే చెప్పారు. ఎవరెవరు వస్తారో వేళ్ళ మీద లెక్కేసుకుని, పొడుగు బల్ల వేసి, ముచ్చటగా సర్దింది. ఎర్రటి మెత్త కుర్చీలు బయటికి తీయించింది. గిన్నెలు కడిగే పెద్దాయన మొదలు పైఅంతస్తుల్లో పరుపులు సర్దే ఆడవాళ్ళ దాకా అందరూ వచ్చి కూర్చున్నారు. మా పిల్ల నీళ్ళ జగ్గు పట్టుకుని గోడవార నిలబడింది.

గద్ద వడ్డించబోయి ఆగింది. "ఒక కంచం తక్కువుంది."

ఎవరూ నమ్మలేదు. మా పిల్ల అసలే నమ్మలేదు. జగ్గు చంకలో ఇరికించుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి వేలు ఆడించుకుంటూ వెళ్ళింది. "సరిపోయాయమ్మా. అందరూ కూర్చున్నారు."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూసింది. అవే కుర్చీలు, అవే తలలు. అంతలో గిన్నెలు కడిగే పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "లెక్కపెట్టే మనిషి భోజనం చెయ్యదా ఏంటి తల్లీ?"

బల్లంతా నవ్వింది. తనూ నవ్వబోయింది గాని పెదవులు కదలలేదు. పొరపాటు ఎక్కడ జరిగిందో కనబడింది మరి. ఈ హాల్లో కాదు, ఎన్నో ఏళ్ళ వెనక. బియ్యం కొలిచేటప్పుడు ఆయన, కూతురు, మరిది, అత్తయ్య, వచ్చిన చుట్టాలు అనుకుంటూ గ్లాసు ముంచేది. తన పేరు చెప్పి ఒక్క గ్లాసు కూడా ముంచలేదు. ఎవరూ వద్దనలేదు. అదే చిత్రం. వద్దన్నవాళ్ళుంటే వాళ్ళ మీద కోపం తెచ్చుకోవచ్చు. కాపురానికొచ్చిన కొత్తలో ఆకలికి కళ్ళు తిరుగుతుంటే, అత్తగారు మెల్లిగా భుజం తట్టి "మనకేముందే, అడుగున ఉన్నది సర్దుకుందాం" అంది. మనం అంది కదా అని ఎంత సంబరపడిందో. ఆ మాటలో ఉన్నది ఇద్దరాడవాళ్ళ ఆకలని అప్పుడు తట్టలేదు. అన్నేళ్ళూ ఏ బల్ల దగ్గర నిలబడ్డా తనకి లెక్క తప్పలేదని గర్వం. తప్పకుండా తప్పిన లెక్క ఇదొక్కటే.

గద్ద తనే వెళ్ళి ఒక ఎర్ర కుర్చీ ఎత్తుకొచ్చి బల్ల నడుమ వేసి, ముందు కంచం పెట్టింది. మా పిల్ల చంకలోంచి జగ్గు లాక్కుని బల్ల మీద పెట్టింది. "కూర్చో."

కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎదుటివాడి గ్లాసు ఖాళీ అవగానే లేవబోయింది. గద్ద భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. మళ్ళీ లేవబోతే మళ్ళీ నొక్కింది. గద్ద పోసిన సూపు పొగలు కక్కుతోంది. వేడిగా ఉన్నది వేడిగా తిని ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోవాలనుకుంది, కుదరలేదు.

అప్పుడే ఫోను మోగింది. ఇంటి దగ్గర అప్పటికే సాయంత్రం. మొగుడు ఫోను తిప్పి తిప్పి చూపిస్తున్నాడు. "చూశావా, నువ్వు లేకపోయినా లోటేం రాలేదు. అమ్మే చేసింది అన్నీ. అందరం కూర్చున్నాం."

పండుగకొచ్చిన ఆడపడుచు కుటుంబం, మరిది, కూతురు, అందరూ కనబడ్డారు. ఓ మూల నుంచి ఒక మోచెయ్యి, గరిటె మాత్రం వచ్చి పోతున్నాయి.

"అందరూ కూర్చున్నారా?"

"ఆ, అందరం."

"ఒకసారి లెక్కపెట్టండి."

"ఏంటి నీ చాదస్తం?" అంటూనే లెక్కపెట్టాడు. "సరిగ్గానే ఉన్నాం."

"మళ్ళీ."

అతని వేలు మళ్ళీ కంచాల మీదుగా వెళ్ళి గరిటె దగ్గర ఆగింది. వెనక నుంచి అత్తగారి గొంతు వినబడింది. "నన్నెందుకే లాగుతావు, నేను తర్వాత తింటాలే."

మొగుడు గొంతు తగ్గించాడు. "అందుకే కదా రమ్మంటోంది. నువ్వొస్తే అమ్మ కూర్చుంటుంది."

"నేనొస్తే అత్తయ్య కూర్చుంటారు, నేను నిలబడతాను. కంచం తక్కువే ఉంటుందండి." గొంతు పెంచలేదు. బల్ల సర్దినట్టే ఒక్కొక్క మాటా పెట్టింది. "నేను ఇంకో ఏడాది ఉంటున్నాను. హాలు నాకిస్తామన్నారు. ఉంటానని ఇవాళ చెప్పేస్తున్నాను. ఇప్పుడు మీరు లేచి, గరిటె తీసుకుని, అత్తయ్యకి వడ్డించండి. నేను చూస్తూ ఉంటాను."

ఫోను బల్ల మీదున్న నీళ్ళ జగ్గుకి ఆనించి నిలబెట్టింది. చెంచా తీసుకుని సూపు తాగడం మొదలుపెట్టింది. ఫోనులో ఎంతసేపటికో ఒక కుర్చీ జరిగింది. మొగుడు ఫోను కూతురి చేతికిచ్చి లేచాడు. అత్తగారు వచ్చి కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కొంగు సర్దుకుంది.

"వీడికి గరిటె పట్టుకోవడం కూడా రాదే."

"నేర్చుకుంటారు లెండి అత్తయ్యా. మీరు వేడిగా ఉండగానే తినండి."

తర్వాత తలెత్తి గద్దకేసి చూసి, ఉంటానన్నట్టు తలూపింది.

ఆ నగరం వీధులన్నీ తిరిగానని మొదట్లో కోతలు కోశాను కదా, మా పక్క ఊరి బస్టాండు దాటి నేనెప్పుడూ వెళ్ళలేదు. మా మేనకోడలు సెలవుకొచ్చి, నా ఎదురుగా కూర్చుని తింటూ చెబితే విన్నదే ఇదంతా. కాకినీ దూడనీ నేను కలిపానని మీరెలాగూ పట్టేసే ఉంటారు. మీరు పట్టుకోలేనిది ఒకటుంది. కుర్చీ ఎర్రదన్నాను, అది నా కల్పన. "ఏ రంగమ్మా ఆ కుర్చీ?" అని అడిగాను. నవ్వింది. "రంగెవరు చూశారు మావయ్యా. కూర్చున్నాను."