బ్రేకు మీద కాలు

డిపో మూలన ఆపిన బస్సులో డ్రైవరు బావ కుడికాలు బ్రేకు మీద బిగుసుకుపోయి పది నిమిషాలైంది. తీయమంటే రాదు. పక్కన ఇంజను మూత మీద కూర్చున్న బావమరిది, అంటే ఆ బస్సు కండక్టరు, మాటిమాటికీ గొంతు సవరించుకుంటున్నాడు. పదకొండింటికి డ్రైవింగు పరీక్ష. ఇది మూడోసారి. ఇదీ పోతే బావని ఇక స్టీరింగు ముట్టుకోనివ్వరు, పాత టైర్లకు కాపలా పెడతారు.

ఎనిమిది నెలల కిందట లారీ గుద్దితే బస్సు ముందు భాగం నుజ్జయింది. వాలులో వెనక్కి జారి కాలవ అంచున ఆగింది. చేతి బ్రేకు విరిగిపోయింది. బావ రేకుల మధ్య ఇరుక్కుని, కాలితో బ్రేకు తొక్కిపట్టి, జనం దిగుతుండగానే స్పృహ తప్పాడు. రేకులు కోసి బయటికి తీసేటప్పుడు కూడా ఆ కాలు అక్కడే ఉంది.

ఎముకలు అతుక్కున్నాయి. బండెక్కితే మాత్రం కాలు ఉన్నట్టుండి బ్రేకు తొక్కేస్తుంది, ఇక వదలదు. తెల్లారేసరికి ఆ కాలు మంచం పట్టెను తన్నిపట్టి ఉంటే అక్క, "స్టాపొచ్చింది, దిగుతున్నా" అని నవ్వుతూ లేచేది. లేచి వంటింట్లో ఏడ్చేది.

"ప్రమాదం అయిపోయిందని ఈయన బుర్రకి తెలుసు, నరాలకి తెలీదు," అంది డాక్టరమ్మ. "కాలు ఇంకా కాపలా కాస్తోంది. అప్పుడు బస్సులో ఉన్నవాళ్లెవరైనా పక్కన కూర్చుని, అందరూ దిగారని నిదానంగా చెప్పాలి."

ఇంటిల్లిపాదీ కండక్టరు వైపు చూశారు. చూడరూ మరి! వాడేమో జ్వరమని, పంటి నొప్పని మొహం చాటేశాడు. ఎందుకంటే అందరికంటే ముందు వెనక తలుపులోంచి దూకింది వాడే. దూకి, గట్టు మీంచి కిందికి దొర్లి, పాక్కుంటూ పైకెక్కి రోడ్డు దాకా పరుగెత్తాడు. ఎవరు దిగారో ఆ మహానుభావుడు ఎక్కడ చూశాడు?

ఇవాళ అక్క చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి బస్సెక్కించింది. తను దిగిపోయి బయట నుంచి తలుపు మూసి, దానికి ఆనుకుని నిలబడింది. పారిపోవడానికి దారి లేదు.

"చెప్పరా," అన్నాడు బావ. నుదురంతా చెమట. "ఎంతసేపు గొంతు సవరించుకుంటావు?"

వాడు మూసిన తలుపు వైపు చూశాడు. "నేను చూళ్లేదు బావా. నేనే ముందు దూకేశాను."

"తెలుసు. అద్దంలో చూశా."

"తెలిసి ఒక్క మాటైనా అనలేదే?"

"ఏమంటాను? దూకి మంచిపని చేశావు. కానీ నీ కింద గట్టు విరిగింది. అద్దంలో నీ చేతులు కనబడ్డాయి, తర్వాత అవీ కనబళ్లేదు. బస్సు జారితే నీ మీదికే. మీ అక్కకి ఏం చెప్పాలిరా అనుకుంటూ తొక్కిపట్టాను." బావ పెడలు వైపే చూస్తున్నాడు. "ఆస్పత్రికీ రాలేదు నువ్వు. బతికే ఉన్నాడని అందరూ చెప్పారు. బుర్ర నమ్మింది."

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది వాడికి. కిందికి జారి పెడళ్ల దగ్గర మోకాళ్ల మీద కూలబడి, బావ పిక్క రెండు చేతులా పట్టుకున్నాడు.

"దిగాను బావా. గట్టెక్కాను. ఇదిగో, నేనే."

రాయిలా ఉన్న పిక్క వణకసాగింది. వణుకు తొడదాకా పాకింది. బావ దాన్ని ఆపబోలేదు.

పరీక్ష పెట్టే అధికారి వచ్చి కిటికీ తట్టాడు. "టైమైంది. మొదలుపెడదామా?"

మడమ వేలెడు పైకి లేచింది. బావ అటు తిరగకుండానే అన్నాడు:

"ఒక్క నిమిషం సార్. ఇంకొకడు దిగుతున్నాడు."