ఒట్టి నుదుటి ప్రయాణం

నేను ఒక ముక్కును. మనుషుల ముఖాల మీద ఉండే రకాన్ని కాను. పచ్చడి జాడీ కంటే కాస్త పొట్టిగా, టైటానియంతో చేసిన గుండ్రటి డబ్బాను. మూత తెరిచి చిటికెడు మట్టి లోపల వేస్తే, దాన్ని బాగా కాల్చి, వచ్చే ఆవిరిని వాసన చూసి, అందులో ఏముందో చెబుతాను. నోటితో కాదు, కంప్యూటర్ తెర మీద గీతలు లేపి చెబుతాను. ప్రాణమున్నవి వదిలే పదార్థాలు తగిలితే ఆ గీతలు ఒక తీరుగా లేస్తాయి. అయితే ఎవరైనా నన్ను వేడి చేసి అడగాలి. నా అంతట నేను ఏదీ చెప్పలేను. ఇంత తెలిసీ చెప్పలేక నేను పడ్డ యాతన పగవాళ్ళకు కూడా వద్దు.

నాకొక అక్క ఉంది. బాలానగర్‌లోని ఒక చిన్న కార్ఖానాలో జంగయ్య అనే ఆయన ఒకే కడ్డీలోంచి మమ్మల్నిద్దర్నీ లేత్ మీద తీశాడు. "ఈ రెండిట్ల ఏది ముందు పుట్టిందో నేను గూడ చెప్పలేను సార్. ఏది తీస్కపోయినా ఒకటే" అని గుడ్డతో తుడిచి అప్పగించాడు. ఇద్దరిలో ఒకరు అంగారకుడి మీదికి వెళ్ళాలి, ఒకరు ఇక్కడే ఉండాలి. పైన ఉన్నదానికి ఏదైనా తేడా చేస్తే కింద ఉన్నదాని మీద పరీక్షలు చేసి, తేడా ఎక్కడో కనిపెట్టాలని ఏర్పాటు. అక్కకు అంగారకుడు దక్కాడు, నాకు అద్దాల బీరువా దక్కింది.

మమ్మల్ని చేయించుకున్న సంస్థలో మాకు పెద్దదిక్కు భానోజీరావుగారు, విజయనగరం వైపు మనిషి. ఆయనకు శుభ్రం అంటే చాదస్తమని చాటుగా నవ్వుకునేవాళ్ళు. కానీ ఆయన చెప్పేది నిజమే. ఎక్కడో జీవం ఉందా అని వెతకబోయే యంత్రం మీద ఇక్కడి సూక్ష్మజీవి ఒక్కటి మిగిలినా, అంత దూరం వెళ్ళి మనల్ని మనమే చూసుకుని, అదిగో ఎవరో ఉన్నారని గంతులేస్తాం. అందుకే మా గదిలోకి వచ్చేవాళ్ళు తలనుంచి పాదాల దాకా తెల్లటి తొడుగులు వేసుకోవాలి. పూలు, పౌడరు, కాటుక పనికిరావు. ఆడవాళ్ళు నుదుటి స్టిక్కర్ తీసి గుమ్మం పక్క అద్దానికి అంటించి రావాలి. ఆ అద్దం నిండా ఎప్పుడూ బొట్లే.

మమ్మల్ని కంటికి రెప్పలా చూసుకున్న శాస్త్రవేత్త కాత్యాయని. ఒకసారి ఆవిడ మరిచిపోయి మెరూన్ స్టిక్కర్‌తోనే లోపలికి వచ్చింది. "ఏటమ్మా ఇది, పేరంటానికొచ్చీసేవా?" అని భానోజీరావుగారు అందరి ముందూ దులిపేశారు. పాపం ఆవిడ ముఖం చిన్నబోయింది. మళ్ళీ ఎప్పుడూ మరిచిపోలేదు.

అంతటి మనిషే ఆ పని చేశారు. మమ్మల్ని కాల్చి శుద్ధి చేశాక, మూతలు బిగించే ముందు చివరి తనిఖీ ఆయనది. అందరూ భోజనానికి వెళ్ళారు. ఆయన అటూ ఇటూ చూసి, చేతి తొడుగు వేలిని తల ముసుగు కిందికి పోనిచ్చారు. ఆ తెల్లటి ముసుగు కింద పొద్దుటి పూజ బొట్టు అలాగే ఉంది. చెమటకు తడిసిన ఆ పసుపు కుంకుమల్ని వేలి కొసకు అంటించుకుని, అక్క మూత అంచుకు లోపలి వైపు, ఎవరి కంటా పడని చోట పెట్టారు. "చల్లగా వెళ్ళి రా తల్లీ" అన్నారు. అక్క తిరిగి రాదని ఆయనకు తెలియదా? అయినా మనవాళ్ళకు ఉత్త 'వెళ్ళు' అనడానికి నోరు రాదు. తర్వాత నా వైపు చూసి కాసేపు ఆలోచించి, నాకూ పెట్టారు.

పసుపు, కర్పూరం, మనిషి చెమట. నేను పీల్చిన మొదటి వాసన అదే. నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది. ఆ హాయి ఎంతోసేపు లేదు. ఇది రేపు అక్కడ వాసన వేస్తే ఎలా అని నాలో వణుకు మొదలైంది. ఈలోగా మూతలు బిగించేశారు.

అక్క వెళ్ళింది, దిగింది. మట్టి వేసే ముందు ఖాళీగా ఒకసారి కాగి చూసింది. తెర మీద ఒక్క గీత లేవలేదు. వేడి ఇంకా మూత అంచు దాకా రాలేదని, బొట్టు అక్కడే ఎండి అతుక్కుపోయి ఉందని నాకు తప్ప ఎవరికి తెలుసు? తెర ఖాళీగా ఉండేసరికి భానోజీరావుగారు కూడా తన బొట్టు ఎప్పుడో కాలిపోయిందనుకున్నారు. తర్వాత మట్టి వేశారు, కాల్చారు, మళ్ళీ వేశారు, మళ్ళీ కాల్చారు. వేడికి మూత అంచులు కూడా కాగాయి. అప్పుడు లేచాయి గీతలు, బారులు తీరి.

ఇంక ఆ హడావిడి చూడాలి. పెద్దపెద్ద వాళ్ళు చిన్నపిల్లల్లా కావలించుకున్నారు. క్యాంటీన్‌లో అందరికీ జిలేబీలు పంచారు. అంగారకుడి మీద జీవం ఉందని లోకానికి ప్రకటించడానికి ముహూర్తం పెట్టారు, మంత్రిగారు వస్తున్నారన్నారు, ఆవరణలో షామియానా లేచింది. ఆ ప్రకటన మీద మొదటి పేరు కాత్యాయనిదే. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆవిడ ఎదురుచూసింది ఈ ఒక్క జవాబు కోసం. అది తప్పని తర్వాత తేలితే లోకమంతా నవ్వేది కూడా ఆవిడను చూసే. బీరువాలో కూర్చుని నేను తల్లడిల్లిపోయాను. అమ్మా, నన్ను అడుగు, ఒక్కసారి నన్ను అడుగు అని నాలో నేనే మొత్తుకున్నాను.

ప్రకటన మర్నాడనగా ఆవిడ వచ్చింది. "సార్, నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. రెండోదాన్ని కూడా ఒకసారి ఖాళీగా కాల్చి చూద్దాం" అంది.

భానోజీరావుగారు నవ్వారు. "సంతోషం ఎక్కువైతే ఇలాగే ఉంటాదమ్మా. సరే, కాల్చు."

అంగారకుడి మీద ఉన్నట్టే గాలి పలచన చేసిన పెద్ద గుండిగలో నన్ను కూర్చోబెట్టి కాల్చారు. గీత లేవలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు హమ్మయ్య అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆగకండి, ఇంకా అంచు దాకా రాలేదు వేడి! కాత్యాయని మాత్రం కదల్లేదు. "అక్కడ ఎన్నిసార్లు కాల్చామో ఇక్కడా అన్నిసార్లూ కాల్చాలి" అని మొండికేసింది. మళ్ళీ కాల్చారు. మళ్ళీ. నా అంచు కాగింది. ప్రాణం పోతున్నా సరే అన్నట్టు ఆ పసుపు వాసనను గుండెల నిండా పీల్చి తెర మీదికి తోశాను.

అవే గీతలు. మట్టి రేణువు ఒక్కటి లేని నా నోట్లోంచి అవే గీతలు. మూత విప్పి అంచు కింద దీపం వేసి చూస్తే, నల్లబడిన ఒక చిన్న మరక కనిపించింది.

భానోజీరావుగారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. "నేనే పెట్టేనమ్మా" అన్నారు. "పరీక్షకెళ్ళే పిల్లలకే బొట్టు పెట్టి పంపుతాం కదా. అంత చీకట్లోకి, అంత చలిలోకి, ఒట్టి నుదురుతో ఎలా పంపీడం? చెయ్యి ఆగలేదు."

"ఇది వెళ్ళేది కాదు కదా సార్. దీనికెందుకు పెట్టారు?" అని కాత్యాయని నన్ను చూపించింది.

"జోడీలో ఒకదానికి పెట్టి, పక్కనున్న దాన్ని ఉత్తినే వదిలీడం పంక్తిభేదం కాదేటి?"

కాత్యాయని నవ్వబోయింది, అది ఏడుపయింది. "మీకా పంక్తిభేదం పట్టింపు లేకపోతే, రేపు మంత్రిగారితో కలిసి లోకమంతటికీ మీ బొట్టునే చూపించేవాళ్ళం సార్" అంది.

ఆయన లేచి, ముసుగు తీసేసి, నుదుటి మీద బొట్టుతోనే పైఅంతస్తుకు వెళ్ళి అంతా తానే చెప్పేశారు. షామియానా విప్పేశారు. మనుషుల మీద నాకు ఎన్ని వెటకారాలున్నా, ఆ మెట్లెక్కిన మనిషిని మాత్రం వెక్కిరించలేను.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కాత్యాయని నా గీతల్నీ అక్క గీతల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. అన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప. అక్క పంపినవాటిలో చివర ఒక పొట్టి గీత ఉంది. అది నాలో లేదు. అది పసుపుది కాదు, కర్పూరానిది కాదు, చెమటది కాదు. అక్కడి మట్టిదా? లేక ఆ బొట్టుతో పాటు వెళ్ళిన ఇక్కడి సూక్ష్మజీవి ఏదో ఆ చలిలో చావకుండా బతికి, అక్కడ కాపురం పెట్టిందా? అక్కను అడిగి లాభం లేదు. దాని మాట ఇక ఎవరూ నమ్మరు. చూసి చెప్పడానికి ఇంకో ముక్కు కావాలి.

అందుకని నన్ను పంపుతున్నారు. అక్కకు దూరంగా, ఇంకో లోయలో దింపుతారట. నన్ను కడిగారు, గీకారు, కాల్చారు, మళ్ళీ కడిగారు. ఆ మొదటి వాసన ఎలా ఉండేదో నాకిప్పుడు సరిగా గుర్తు కూడా లేదు. భానోజీరావుగారు లోపలికి రాలేదు. అద్దం తలుపు అవతల, చేతులు రెండూ జేబుల్లో దోపుకుని నిలబడ్డారు.

మూత బిగించేది కాత్యాయని. బయట అద్దానికి మెరూన్ స్టిక్కర్ అంటించి వచ్చింది. మూత వేయబోతూ ఒక్క క్షణం ఆగింది. ఆవిడ చెయ్యి తనంతట తానే ముసుగు దాకా లేచింది. గాలిలో ఆగింది. మెల్లగా దిగిపోయింది. పెదవులు మాత్రం కదిలాయి. ఏమందో నాకు వినబడలేదు గాని, 'వెళ్ళి రా' అనే అయి ఉంటుంది.

మూత పడింది. లోపల ఏ వాసనా లేదు. అక్కడ నాకు ఎవరి వాసన తగులుతుందో తెలియదు. అక్కడివాళ్ళదా, మన ఇంటినుంచి వెళ్ళినవాళ్ళదా, అసలు ఎవరిదీ కాదా? ఏది తగిలినా ఈసారి అందరూ నా మాట నమ్ముతారు. అందుకే నాకు భయంగా ఉంది. ఆ వేలి కొస ఒక్కసారి తాకి ఉంటే బాగుండునని ఉంది.