నాలుగో లైను చెక్క

రెండేళ్ళపాటు నేను ఆ చెక్కను ముట్టలేదు. అది నాకు గర్వంగా ఉండేది.

జానెడు పొడవు, ఎర్ర రంగు, మీద తెల్ల పెయింటుతో నాలుగు అంకె. సూపర్‌వైజర్ ఉపేంద్ర బల్ల పక్కన మేకుకు వేలాడేది. హోసూరులో మా కంపెనీ కార్ల లోపలికి వైర్ల కట్టలు తయారుచేసేది. మా లైనులో ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళం నిలువు బోర్డుల ముందు నిలబడి, రంగు చూసి వైరు పరిచి, టేపు చుట్టేవాళ్ళం. బాత్రూంకు పోవాలంటే చెక్క తీసుకుని పోవాలి, తిరిగి వచ్చి మేకుకు తగిలించాలి. అది మేకు మీద లేనప్పుడు ఇంకొకరు కదలకూడదు. బాత్రూంలు షెడ్డుకు అవతలి కొసన ఉండేవి. మూడు లైన్లనూ, స్టోర్సులో మగవాళ్ళనూ దాటుకుని, ఎర్ర చెక్క చేతిలో పట్టుకుని నడవాలి.

ఒకసారి పొద్దున మీటింగులో ఉపేంద్ర నా పేరు ఎత్తాడు. పవిత్రను చూసి నేర్చుకోండి, రెండేండ్లలో ఒక్క దినం చెక్క తీసింది లేదు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నేను చాలా రోజులు దాచుకుని, ఒంటరిగా ఉన్నప్పుడు తీసి చూసుకునేదాన్ని.

నా పద్ధతి సులువు. మా ఊరు తళి దగ్గర. తెల్లవారి ఐదున్నరకు కంపెనీ బస్సు. ఎక్కేముందు అర గ్లాసు కాఫీ. మళ్ళీ సాయంత్రం ఇల్లు చేరేదాకా నీళ్ళు ముట్టేదాన్ని కాదు. క్యాంటీనులో అన్నం గొంతుకు అడ్డం పడితే సాంబారుతో దించేదాన్ని. పదకొండింటికి దాహం వచ్చేది, పన్నెండు దాటాక తెలిసేది కాదు. తగ్గిపోయిందనుకునేదాన్ని. అది నా మీద ఆశ వదులుకున్నదని అప్పుడు తెలియలేదు.

ఈ విద్య మా అమ్మ పుట్టమ్మ దగ్గర నేర్చుకున్నాను. మా పల్లెలో ఆడవాళ్ళు వెలుతురు రాకముందు ఒకసారి, పొద్దు గూకినాక ఒకసారి చేనిగట్టుకు పోయేవాళ్ళు. నడుమ పగలంతా బీన్సు కోసినా, కొత్తిమీర కట్టలు కట్టినా, రెండు గుక్కలతో సరిపెట్టుకునేవాళ్ళు. ఆడదానికి దప్పి అదుపులో ఉండాల అనేది అమ్మ. ఇంట్లో బాత్రూం కట్టించి ఐదేళ్ళయినా ఆమె పగటిపూట అటువైపు చూసేది కాదు. ఒంటికి అలవాటు పడింది సమయమా, సిగ్గా అని నేను అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

2003 సంక్రాంతి వెళ్ళిన వారంలో చలిజ్వరం వచ్చింది. నాలుగు నెలల్లో అది రెండోసారి. నడుముకు పైన, కుడివైపు, ఎవరో పిడికిలి ఆనించి తీయనట్టు నొప్పి. బస్టాండు దగ్గర క్లినిక్‌లో డాక్టర్ మధుమిత దగ్గరికి పోయి, ఒంటికి వేడి చేసినట్టుంది అన్నాను. ఆమె రాసుకోవడం ఆపింది. రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతావు, ఎన్నిసార్లు పోతావు అని అడిగింది. నేను చెప్పిన లెక్కను చీటీ మీద రాసుకుంది. తర్వాత మూత్రపరీక్ష చేయించి, ఇన్ఫెక్షన్ అని రాసి ఉన్న కాగితం నా వైపు తిప్పింది.

"మాత్రలు పది దినాలు. జ్వరం తగ్గిందని సగంలో నిలపద్దు. మాత్ర నా పని, మిగిలింది నీ పని. గంటకొక గ్లాసు నీళ్ళు తాగాల. వచ్చినా రాకపోయినా మూడు గంటలకొకసారి పోవాల. రంగు చూసుకో, నిమ్మకాయ నీళ్ళ మాదిరి లేతగా ఉండాల. ఇట్లే బిగబట్టుకుంటా ఉంటే కిడ్నీ మీద మచ్చ పడుతుంది పవిత్రా. ఆ మచ్చ ఏ మాత్రకూ పోదు."

నేను చెక్క సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చెక్క పట్టుకుని నడిస్తే ఏమవుతుంది అని అడిగింది. అందరూ చూస్తారు అన్నాను. చూస్తే? తెలుస్తుంది. ఏం తెలుస్తుంది?

బయట కాంపౌండరు ఎవరి పేరో రెండుసార్లు పిలిచాడు.

"నాకూ ఒళ్ళుందని" అన్నాను.

తిరిగి పనిలో చేరిన రోజు లీటరు సీసా నింపుకుని పోయి బోర్డు కింద పెట్టుకున్నాను. ఎనిమిదింటికి ఒక గ్లాసు, తొమ్మిదింటికి ఒకటి తాగాను. పదింటికి పోవాలి. పోలేదు. చేతులు నీలం వైరు పక్కన పసుపు వైరు పరుస్తున్నాయి, లోపల మాత్రం పాత గొంతు ఒకటి, ఇంకొంచెం, ఇంకొంచెం అంటోంది. అది అమ్మ గొంతు లాగానూ ఉంది, ఉపేంద్ర గొంతు లాగానూ ఉంది. జాగ్రత్తగా వింటే నాదే.

పదకొండుకు ఐదు నిమిషాలు ఉండగా చెక్క తీశాను.

మొత్తం నూటారు అడుగులు. రెండో లైను దాకా గుండె చెవుల్లో కొట్టుకుంది. ఒకటో లైను దాటేసరికి ఎందుకో ఆ మోత దానంతటదే పలచబడింది. స్టోర్సులో ఒకాయన తలెత్తాడు, మళ్ళీ బిల్లులు చూసుకున్నాడు. ఇంకెవరూ తలెత్తలేదు. ఇన్నేళ్ళు నన్ను కాపలా కాసిన కళ్ళు అక్కడ లేనే లేవు. అది తెలిసినప్పుడు హాయి కంటే ముందు నాకు కొంచెం చిన్నతనం వేసింది.

తిరిగొచ్చి చెక్క తగిలిస్తుంటే, నువ్వుగూడానా పవిత్రా అన్నాడు ఉపేంద్ర. పక్క బోర్డు మంజు టేపు చుడుతూనే, "రికార్డు పాయె గదక్కా, ఇంక చప్పట్లు ఎవరికి కొట్టాల" అంది. నేనూ నవ్వాను.

ఆ మధ్యాహ్నం క్యాంటీనులో కోటమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది. కందుకూరు వైపు నుంచి భర్తతో వలస వచ్చిన మనిషి, లైనులో అందరికంటే పెద్దది. అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా, మంట నీక్కూడానా అని అడిగింది. ఐదేళ్ళుగా ఆమెకు ఉంది. ఆదివారం ఆదివారం బార్లీ నీళ్ళు తాగి, సోమవారం మళ్ళీ మొదలుపెట్టేది. డాక్టర్ చెప్పిన మాటలు ఆమెకు వరసగా చెప్పాను. ఆమె ఇంకొకరికి చెప్పింది. మేమెవరం గట్టిగా మాట్లాడుకోలేదు. రెండు వారాల్లో బోర్డుల కింద పదకొండు సీసాలు లెక్కపెట్టాను. నెలకు ముప్పై దాటాయి.

సీసాలు ముప్పై, చెక్క ఒకటి. మేకు చుట్టూ చూపులు వరస కట్టాయి. రోజు లెక్కలో నాలుగైదు కట్టలు తగ్గాయి. ఉపేంద్ర చెడ్డవాడు కాదు, పైవాళ్ళకు భయపడే మనిషి. ఒక బుధవారం పొద్దున మేకు ఖాళీగా ఉంది. చెక్క ఆయన సొరుగులో ఉంది. పదింటికి నేను పోయి అడిగాను. భోజనానికి ఇంకా రెండు గంటలే గదా, ఆగలేవా అన్నాడు.

అడిగిన తీరులో కోపం లేదు. రెండేళ్ళుగా నా మీద ఉన్న నమ్మకం ఉంది. ఒకప్పుడైతే ఆ నమ్మకం కోసం సాయంత్రం దాకా ఆగేదాన్ని. పాత గొంతు ఆ క్షణంలోనూ పలికింది. ఈసారి దాని మాట విన్నాను గానీ దాని వెంట పోలేదు.

"ఆగగలను సార్. రెండేండ్లు ఆగినాను. ఆగినందుకే నాలుగు నెలల్లో రెండుసార్లు జ్వరంతో పడుకున్నాను. ఇంక ఆగను. చెక్క సొరుగులోనే ఉండనీండి, నేను పోయొస్తాను."

వట్టి చేతులతో బయలుదేరాను. నడిచే మనిషికి చేతులు ఇంత తేలిగ్గా ఊగుతాయని ఆ షెడ్డులో నాకు మొదటిసారి తెలిసింది. రెండో లైను దగ్గర వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే కోటమ్మ. ఆమె వెనక మంజు. ఆ వెనక ఇంకా వస్తున్నారు. ఎవరూ పరిగెత్తలేదు, తల దించుకోనూ లేదు.

లైను ఎనిమిది నిమిషాలు ఆగింది. మేనేజరు పైనుంచి దిగి వచ్చాడు. ఖాళీ బోర్డులు, ఒక్కొక్కరే వచ్చి నిలబడుతున్న మమ్మల్ని చూసి, అందరూ ఒకేసారి పోవాలా అని తమిళంలో అడిగాడు. ఉపేంద్ర సొరుగు వైపు చూశాడు.

"ఒక్కొక్కరం పోదామంటే చెక్క సొరుగులో ఉంది సారూ" అంది కోటమ్మ.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బోర్డు బోర్డుకూ పాకి, మూడో లైనుకు కూడా చేరింది. మేనేజరు సొరుగు తెరిపించి, ఎర్ర చెక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. అలాంటిది ఒకటి ఉందని ఆయనకు తెలియదట. నిజమో కాదో నాకు తెలియదు. ఆ పై సోమవారం నుంచి లైనుకు ఇద్దరు మారు మనుషులను పెట్టారు. ఎవరు పోవాలన్నా వాళ్ళొచ్చి బోర్డు దగ్గర నిలబడతారు. మధ్యాహ్నం పూట తలనొప్పులు తగ్గాయి, రంగు తప్పిన వైర్లూ తగ్గాయి. నెలాఖరుకు లెక్క పాత చోటికే చేరింది. ఆ కాగితం పైకి తీసుకుపోతున్నప్పుడు ఉపేంద్ర చేతిలో కూడా నీళ్ళ సీసా ఉంది.

ఏప్రిల్‌లో మళ్ళీ పరీక్ష చేయించుకున్నాను. డాక్టర్ మధుమిత కాగితం రెండుసార్లు చదివింది. స్కాను కూడా చూసింది. మచ్చ లేదు, ఏమీ లేదు. జ్వరం వస్తేనే రా, ఊరికే నా మొగం చూడను రావద్దు అంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చూడనట్టు ఇంకొకరి చీటీ అందుకుంది.

బయట హాలు కిటకిటలాడుతోంది. చంటిబిడ్డల తల్లులు, ఫ్యాక్టరీ యూనిఫారాల్లో మగవాళ్ళు, మందుల చీటీలతో ముసలివాళ్ళు, కనీసం నలభై మంది. పొద్దుటి నుంచి నేను నాలుగు గ్లాసులు తాగి ఉన్నాను. తళి బస్సు గంట ప్రయాణం. నేను కాంపౌండరు బల్ల దగ్గరికి పోలేదు, వంగి చెవిలో అడగలేదు. నిలబడిన చోటు నుంచే అడిగాను.

"అప్పా, ఈడ బాత్రూం యాడుంది?"

నలభై తలలు తిరిగాయి. కాంపౌండరు పెన్నుతో వెనక తలుపు చూపించాడు. బెంచీ మీద మగవాళ్ళు ఇద్దరు కాళ్ళు వెనక్కి తీసి దారి ఇచ్చారు. నేను వాళ్ళ మధ్య నుంచి, తొందరపడకుండా నడిచాను.